అద్దె కట్టని బుల్లి డేగ

గత సంచికలో ఇదే పేజీలో ఆఫ్రికాలోని కలహారి ఎడారి ప్రాంతపు కరెంటు స్తంభం మీద కూర్చున్న ఒక చిన్న పక్షి ఫొటో వేసి, "ఇది డేగ అంటే నమ్ముతారా?" అని అడిగాను. ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వెల్లువెత్తాయి. చాలామంది నమ్మలేదు. ఒకాయన అయితే "ఫొటో మారిపోయినట్టుంది, సరిచూసుకోండి" అని సలహా కూడా ఇచ్చారు. ఫొటో మారలేదండీ. అది పిగ్మీ ఫాల్కన్ (ఫాల్కన్ అంటే డేగే). ఆఫ్రికా ఖండం మొత్తంలో గద్దలు, డేగల్లాంటి పగటి వేటపక్షుల్లో అన్నిటికంటే చిన్నది. ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. నేను పక్షి శాస్త్రవేత్తను కాను, కరెంటు లైన్ల ఇంజినీరుని. ఉద్యోగంలో మంచి వయసంతా దక్షిణాఫ్రికా నార్తర్న్ కేప్‌లో, అపింగ్టన్ ఊరికి ఉత్తరాన లైన్లు చూసుకుంటూ గడిచింది. అక్కడ పక్షుల్ని పట్టించుకోకుండా కరెంటు ఇవ్వడం కుదరదు. ఎందుకో కింద ఒక జవాబులో వస్తుంది.

ప్రశ్న: సార్, ఫొటోలో పక్షి గోరింకంత కూడా లేదు. దాన్ని డేగ అని ఎలా అంటారు? డేగంటే పెద్దగా, భయంకరంగా ఉండాలి కదా? (తొమ్మిదో తరగతి విద్యార్థి)

నువ్వన్నది నిజమే బాబూ, గోరింకంత కూడా లేదు. ముక్కు నుంచి తోక చివరిదాకా 20 సెంటీమీటర్లు, బరువు 60 గ్రాములు, కాస్త అటూ ఇటూ. అయినా డేగే. ఎవరు ఏ జాతో తేల్చేది సైజు కాదు, పనిముట్లు. దీని పైముక్కు అంచున చిన్న పన్నులాంటి నొక్కు ఉంటుంది. ఫాల్కన్లన్నిటికీ ఉండే గుర్తు అది. కాళ్లతో పట్టుకున్న జంతువు మెడ మీద ఆ నొక్కుతో ఒక్క కొరుకు కొరికి, వెన్నెముక తెంపి చంపేస్తాయి. ఇదీ అంతే చేస్తుంది. కాకపోతే దీని చేతికి చిక్కేది పావురం కాదు, బల్లి.

వేట పద్ధతి చూస్తే నీకు నమ్మకం కుదురుతుంది. మోడు కొమ్మ చివరో, స్తంభం మీదో చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది. కింద ఏదైనా కదిలితే తల పైకీ కిందికీ గబగబా ఊపుతుంది, తోక కూడా ఎత్తి దించుతుంది. తల ఊపడం దూరం కొలుచుకోవడానికి. రెండు మూడు ఎత్తుల నుంచి చూస్తే ఎర ఎంత దూరంలో ఉందో తేలుతుంది. ఆ తర్వాత నేరుగా కిందికి దూకుతుంది. బల్లులు, మిడతలు, పేడపురుగులు, చెదలు, అప్పుడప్పుడూ చిట్టెలుక, ఎప్పుడైనా ఒక చిన్న పిట్ట. మెనూ అదీ.

ఇంకో సంగతి కూడా రాసి పెట్టుకో. 2008లో వచ్చిన పెద్ద డీఎన్ఏ అధ్యయనం ప్రకారం ఫాల్కన్లు గద్దలకంటే చిలకలకే దగ్గరి చుట్టాలు. గద్దకీ ఫాల్కన్‌కీ ఉన్న పోలిక వృత్తి వల్ల వచ్చిందే గాని వంశం వల్ల కాదు. మీ సైన్సు టీచర్‌ని అడిగి చూడు, బాగా నడుస్తుంది చర్చ.

ప్రపంచంలోకల్లా చిన్నది ఇదేనా అని ఇంకొందరు అడిగారు. కాదు. ఆగ్నేయాసియా అడవుల్లో, బోర్నియోలో ఉండే ఫాల్కనెట్లు అనే బుల్లి డేగలు దీనికంటే చిన్నవి. వాటి చుట్టం ఒకటి మన హిమాలయాల దిగువ అడవుల్లోనూ ఉంది.

ప్రశ్న: అది సొంతంగా గూడు కట్టుకోదనీ, వేరే పక్షుల గూటిలో ఉంటుందనీ ఫొటో కింద రాశారు. మా పెరటి ఈత చెట్టుకు వేలాడే గిజిగాడి గూటిలో డేగ పట్టడం నేను ఊహించుకోలేకపోతున్నాను. కొంచెం వివరంగా రాయగలరా? (ఒక గృహిణి)

ఊహించుకోలేకపోవడం సహజమేనమ్మా. అక్కడి గూడు మీరనుకునే గూడు కాదు. కట్టేది సోషబుల్ వీవర్ అనే పక్షి. గిజిగాడికి చుట్టమే, సైజులో పిచ్చుకంత ఉంటుంది, గడ్డం నల్లగా, వీపు చేప పొలుసుల్లా గీతలతో. గిజిగాడు ఎవరి గూడు వారిదే అంటుంది. ఇది మాత్రం ఊరంతా కలిసి ఒకే గూడు కడుతుంది.

దూరం నుంచి చూస్తే తుమ్మచెట్టు మీద ఎవరో గడ్డివాము ఎత్తి పెట్టినట్టు ఉంటుంది. అలాంటి పాత గూటి బరువు టన్ను దాకా వెళ్లొచ్చు. తరాల తరబడి అదే గూడు వాడతాయి. వందేళ్లకు పైగా వాడుకలో ఉన్నవి కూడా ఉన్నాయి. కొన్నిసార్లు వాన పడి తడిసి, ఆ బరువుకు కొమ్మే విరిగి కింద పడుతుంది.

గూటి కింద నిలబడి తలెత్తి చూడటం నాకు చాలా ఇష్టం. (నిలబడే ముందు పాములున్నాయేమో చూసుకోవాలి, అది తర్వాత చెబుతాను.) పైకప్పు మొత్తం మోటు పుల్లలు. అడుగుభాగం ఎండుగడ్డి, అందులో గుండ్రటి రంధ్రాలు, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ నేలవైపు తెరుచుకుని. ఒక్కో రంధ్రం ఒక్కో గదికి వెళ్లే సొరంగం. సొరంగం గోడల్లో గట్టి గడ్డి పుల్లల్ని మొనలు బయటికి వచ్చేలా గుచ్చుతాయి, లోపలికి పాకేవాడికి గుచ్చుకోవాలని. లోపల గది మాత్రం మెత్తటి గడ్డితో పిడికిలి పట్టేంత ఉంటుంది. పెద్ద కాలనీలో వంద జంటలకు పైగానే కాపురం ఉంటాయి.

ఇంత శ్రమ ఎందుకంటే కలహారి వాతావరణం అలాంటిది. వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. జులై రాత్రి సున్నా కిందికి దిగిపోతుంది, పొద్దున్నే జీపు అద్దం మీద మంచు గీకాల్సి వచ్చేది మాకు. ఆ గడ్డి మందానికి లోపలి గదులు వేసవిలో బయటికంటే చల్లగా, చలికాలం రాత్రి బయటికంటే వెచ్చగా ఉంటాయి. నడిమధ్య గదులు మరీ సుఖం.

60 గ్రాముల డేగకు అంతకంటే మంచి బస ఏముంది? ఆఫ్రికా దక్షిణాన అది దాదాపు వేరే ఎక్కడా ఉండదు. గుడ్లు పెట్టేది అక్కడే, ఏడాది పొడవునా రాత్రి పడుకునేదీ అక్కడే. చలికాలంలో ఒకే గదిలో రెండు మూడు డేగలు, పెద్దవీ పిల్లలూ కలిసి, ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతాయి. ఒక్క గడ్డిపోచ కూడా తెచ్చి పెట్టదు. గూడు మరమ్మతు అంతా యజమానులే చూసుకుంటారు.

ప్రశ్న: ఇంటి యజమానులు ఎలా ఒప్పుకుంటున్నారు సార్? ఒక డాక్యుమెంటరీలో "డేగ కాపలాదారుగా ఉంటుంది, పాముల నుంచి కాలనీని కాపాడుతుంది, అందుకే పక్షులు దాన్ని రానిస్తాయి" అన్నారు. ఎంత చక్కటి స్నేహం! పిల్లలకు పాఠంలా చెబుతున్నాను. (రిటైర్డ్ టీచర్)

మాస్టారూ, మీరు చెప్పే పాఠం చెడగొట్టాలని లేదు గానీ, నేను ఆ కథ నమ్మను.

ముందు పాము సంగతి. కాలనీకి అసలు శత్రువు కేప్ కోబ్రా. మీటరు దాటిన పొడవు, పసుపో గోధుమరంగో, చెట్లెక్కడంలో దిట్ట. గూటిలోకి దూరితే ఒక గదితో ఆగదు. ఒక రంధ్రంలోంచి తల తీసి పక్క రంధ్రంలో పెడుతూ, గుడ్లూ పిల్లలూ వరసబెట్టి మింగుతూ పోతుంది. బూమ్‌స్లాంగ్ అనే చెట్టుపాము కూడా అంతే. ఒక్క రోజులో ఆ సీజన్ పిల్లలు చాలావరకు పోవచ్చు. ఇంత నష్టం ప్రతి ఏడూ జరుగుతూనే ఉంటుంది, డేగ ఉన్న కాలనీలోనూ జరుగుతుంది. నాగుపాము గూటిలోకి దూరినప్పుడు డేగ ఏం చేస్తుందో నేను దగ్గరగా చూశాను. పక్క కొమ్మ మీద కూర్చుని సన్నగా "కి-కి-కిక్" అని అరిచింది. వీవర్లు కూడా అరిచాయి. పాము తన పని తాను చేసుకుపోయింది. 60 గ్రాముల పక్షి ఇంకేం చేస్తుంది, దాన్నీ తప్పుపట్టలేం.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కాపలాదారుని చూసి ఎవరైనా "దొంగ, దొంగ" అని కేకలు పెడతారా? డేగ కాలనీ దగ్గరికి ఎగిరొచ్చిన ప్రతిసారీ వీవర్లు ప్రమాదం కూత కూస్తాయి. కారణం ఉంది. బల్లులు దొరకని రోజు అది వీవర్ పిల్లల్ని తింటుంది, అప్పుడప్పుడూ పెద్దవాటినీ పట్టుకుంటుంది. ఎక్కువసార్లు కాదు. రోజూ పక్షుల్నే తింటే కాలనీ ఖాళీ అయి దాని ఇల్లే పోతుంది. కానీ ఆ "అప్పుడప్పుడూ" వీవర్లు మర్చిపోవు.

మరి ఎందుకు తరమవు అంటారు. తరమలేవు, అంతే. ఒక్కో వీవర్ బరువు 30 గ్రాముల లోపు. కాలనీ వదిలి ఇంకోచోట ఇంత గూడు మళ్లీ కట్టుకోవడం కంటే, వంద గదుల్లో రెండు మూడు గదులు వదులుకుని, ఒక కన్ను ఆ డేగ మీద వేసి బతకడం తేలిక. ఇది స్నేహం కాదు మాస్టారూ, సర్దుకుపోవడం. అద్దె కట్టకుండా, ఖాళీ చేయకుండా, అప్పుడప్పుడూ ఇంట్లోవాళ్లనే బెదిరించే మనిషిని ఎంతోమంది ఏళ్ల తరబడి భరిస్తుంటారు కదా, అలాంటిదే.

పిల్లలకు చెప్పడానికి దీనికంటే మంచి కథ ఆ చెట్టు మీదే ఉంది. కలహారి ట్రీ స్కింక్ అనే నలికిరి గూడున్న చెట్ల మీద ఎక్కువగా కనిపిస్తుంది. డేగకు అదంటే మహా ఇష్టం. శత్రువు కాపురం ఉన్న చెట్టు మీదే అది ఎందుకు చేరుతుంది? పరిశోధకులు వీవర్ల ప్రమాదం కూతను రికార్డు చేసి, చెట్టు కింద స్పీకర్‌లో వినిపించి చూశారు. డేగ అక్కడ లేకపోయినా నలికిరులు బెరడు పగుళ్లలోకి పరిగెత్తాయి. ఈ ఫలితాలు 2020లో ప్రచురించారు. అంటే నలికిరి కళ్లు తన పురుగుల మీద, చెవులు వీవర్ల మీద పెడుతుంది. వీవర్లు కూసేది తమ వాళ్ల కోసమే, నలికిరి కోసం కాదు. కానీ లాభం దానికీ దక్కుతోంది. కాపలాదారు ఎవరైనా ఉంటే వీవర్లే గాని డేగ కాదు.

ప్రశ్న: నేను కూడా విద్యుత్ శాఖలోనే పని చేస్తున్నాను. ఆ ఫొటో స్తంభం మీద తీసింది. స్తంభం మీద గూడుంటే మీరు ఏం చేసేవారు? మేమైతే కాకి గూడు పీకి అవతల పారేస్తాం. (లైన్ ఇన్‌స్పెక్టర్)

మీరు అడిగారు కాబట్టి మన భాషలో చెబుతాను. ఆ ప్రాంతంలో ఎత్తైన చెట్లు తక్కువ. మనం వెళ్లి వరసగా చెక్క స్తంభాలు పాతి, పైన అడ్డకమ్మీ బిగించాం. వీవర్ల దృష్టిలో అవి కొమ్మలున్న చెట్లే, పైగా ముళ్లు లేనివి. ఒక్కో లైన్‌లో స్తంభం వెంట స్తంభం గూళ్లే.

ఎండుగడ్డి ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. మొదటి వాన పడ్డ రాత్రి మొదలవుతుంది టెన్షన్. తడిసిన గడ్డి ఫేజ్ తీగకీ అడ్డకమ్మీకీ మధ్య దారి ఇస్తుంది, కరెంటు లీకేజీ మొదలై చెక్క బొగ్గవుతుంది, తర్వాత స్తంభం తలే అంటుకుంటుంది. గూడు, స్తంభం, సరఫరా, మూడూ పోతాయి. రాత్రి రెండింటికి ఫోన్ వస్తే సగం సార్లు కారణం ఇదే.

నేను చేరిన కొత్తలో మా సంస్థ పద్ధతి మీదే, పీకి పారేయడం. దాని వల్ల ఏమైందంటే వారం తిరక్కుండా అవే పక్షులు అదే స్తంభం మీద మళ్లీ కట్టేవి, ఈసారి తొందరలో కాబట్టి తీగకు ఇంకా దగ్గరగా. పీకడమంటే మళ్లీ మళ్లీ పీకడమే. తర్వాతి కాలంలో గూడు అంతా తీయకుండా, తీగల వైపు వేలాడే భాగం మాత్రం కత్తిరించడం, తీగకు ఇన్సులేషన్ తొడగడం, స్తంభంలో కిందివైపు ఒక వేదిక బిగించి గూడు అక్కడ పెరగనివ్వడం, ఇలాంటివి చేశాం. ఖర్చు తగ్గింది. పక్షుల మీద ప్రేమతో కాదు లెండి, లెక్క చూసుకునే చేశారు.

డేగ సంగతి నాకు చూపించింది మా లైన్‌మన్. ఆఫ్రికాన్స్ మాట్లాడే పెద్దాయన, మాటలు తక్కువ. బకెట్ లారీలో పైకి వెళ్తూ ఆగమని చెయ్యి ఊపి, గూటి అడుగున ఒక రంధ్రం వైపు హాట్ స్టిక్ (తీగల పనికి వాడే షాక్ కొట్టని కర్ర) చూపించి "డ్వేర్ఖ్‌ఫాల్క్" అన్నాడు, అంటే మరుగుజ్జు డేగ. మిగతా రంధ్రాలన్నీ ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. ఆ ఒక్కదాని చుట్టూ మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లటి వలయం. డేగ రెట్ట. వీవర్లు తమ గుమ్మం అలా పాడు చేసుకోవు. డేగ ఉందా లేదా అని తెలియాలంటే డేగను చూడక్కర్లేదు, ఆ తెల్ల గుమ్మం చూస్తే చాలు.

కత్తిరించాల్సింది ఆ రంధ్రం పక్కనుంచే. కాసేపు దూరంగా లారీలో కూర్చుని చూశాం. తర్వాతి స్తంభం మీదికి ఆడపక్షి వచ్చి వాలింది, కాలికింద బల్లి. మమ్మల్ని చూసి తల ఆడించింది, తోక ఆడించింది, మళ్లీ తల. దాని వీపు మీద ముదురు ఇటుక రంగు మచ్చ ఎండలో స్పష్టంగా కనిపించింది. చివరికి వంపులు తిరుగుతూ కిందుగా ఎగిరి, నడుం మీది తెల్ల మచ్చ మెరిపిస్తూ గూటి కిందికి వచ్చి, ఎక్కడా ఆగకుండా ఆ తెల్ల గుమ్మంలోకి దూరిపోయింది. లోపల పిల్లల అరుపులు వినిపించాయి. మా పెద్దాయన బకెట్ దించేసి, వర్క్ ఆర్డర్ మీద "వాయిదా" అని రాశాడు. గడ్డి పొడిగా ఉంది, వానలకు టైముంది, కాబట్టి పై అధికారులు కూడా ఏమీ అనలేదు.

మీరు కాకి గూడు పీకే ముందు లోపల పిల్లలున్నాయేమో ఒకసారి చూడండి. పీకడం ఎలాగూ మళ్లీ చేయాల్సిందే, రెండు వారాలు ఆగితే పోయేదేం లేదు.

ప్రశ్న: ఆడా మగా ఒకేలా ఉంటాయా? జంట కట్టడం, పిల్లల్ని పెంచడం ఎలా? (డిగ్రీ విద్యార్థిని)

ఒకేలా ఉండవు, చూడగానే చెప్పేయొచ్చు. రెంటికీ ముఖం, పొట్ట తెలుపు, రెక్కలు నలుపు మీద తెల్ల చుక్కలు, కాళ్లు ఎర్రటి నారింజ. మగదాని వీపు మొత్తం బూడిద రంగు. ఆడదానికి వీపు మీద ఇందాక చెప్పిన ఇటుక రంగు అదనం.

గుడ్లు తెల్లగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు. పొదగడానికి నెల, పిల్లలు గూడు దాటడానికి ఇంకో నెల, సుమారుగా. పొదగడం ఎక్కువగా ఆడపక్షి పని, ఆ రోజుల్లో తిండి తేవడం మగపక్షి పని. మామూలుగా జంటగానే ఉంటాయి గానీ, ఒక్కోసారి ఒక ఆడపక్షితో ఇద్దరు మగవాళ్లు కలిసి పిల్లల్ని సాకడం కూడా నమోదైంది. వేటపక్షుల్లో ఇది అరుదు.

ప్రశ్న: కెన్యా వెళ్లొచ్చిన మా బావగారు అక్కడ ఈ పక్షిని చూశానంటున్నారు. మీరేమో దక్షిణాఫ్రికా అంటున్నారు. ఎవరు రైట్? (చార్టర్డ్ అకౌంటెంట్)

ఇద్దరం రైటే. ఈ పక్షికి రెండు రాజ్యాలున్నాయి, మధ్యలో దారి లేదు. ఒకటి దక్షిణాన: నమీబియా, బోట్స్‌వానా, దక్షిణాఫ్రికా వాయవ్య భాగం, అంగోలా దక్షిణపు అంచు. రెండోది తూర్పున: ఇథియోపియా, సోమాలియా, కెన్యా, ఉగాండా, టాంజానియా వైపు పొడి సవన్నాలు. నడుమ జాంబియా లాంటి చోట్ల తేమ ఎక్కువున్న మియోంబో అడవులు. అక్కడ ఇది కాపురం పెట్టదు. దీనికి కావాల్సింది ముళ్లచెట్లు దూరం దూరంగా ఉండి, మధ్యలో నేల బయటపడే పొడి ప్రాంతం. గడ్డి దట్టంగా పెరిగితే బల్లి కనిపించదు కదా.

తూర్పున సోషబుల్ వీవర్ లేదు. అక్కడ వైట్‌హెడెడ్ బఫెలో వీవర్ అనే పక్షి ముళ్లకంపతో కట్టిన గూళ్లలో ఉంటుంది. మీ బావగారు సంబురు, సావో పార్కుల వైపు వెళ్లి ఉంటే చూసే ఉంటారు. ఆ వీవర్ ఎగిరినప్పుడు నడుం మీద ఎర్రటి రంగు కనిపిస్తుంది, గుర్తుందేమో అడగండి. దక్షిణాదిన మాత్రం డేగ మ్యాపూ సోషబుల్ వీవర్ మ్యాపూ ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అతుక్కుపోతాయి.

ప్రశ్న: ఇంత ముద్దుగా ఉంది, పెంచుకోవచ్చా? (ముగ్గురు వేర్వేరుగా అడిగారు)

వద్దు. అడవి నుంచి పట్టుకోవడం నేరం, ఫాల్కన్ల అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందం కింద నియంత్రణలో ఉంది. జంతుప్రదర్శనశాలలు కొన్ని పెంచుతున్నాయి, వాళ్లకు ఆ సిబ్బంది, అనుమతులు వేరు. ముద్దుగా ఉందని అనిపిస్తే అది బల్లి తల కొరికే వీడియో ఒకసారి చూడండి.

ప్రశ్న: అంతరించిపోయే ప్రమాదం ఉందా? (ఎన్‌జీవో కార్యకర్త)

ఇప్పటికి లేదు. ఏ జాతికి ఎంత ప్రమాదమో జాబితా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ఆందోళన అక్కర్లేని వర్గంలోనే పెట్టింది. కానీ దాని బతుకు వీవర్ మీద, వీవర్ బతుకు పెద్ద చెట్టు మీద ఆధారపడి ఉంది కాబట్టి నేను చెట్టు గురించే ఎక్కువ దిగులు పడతాను.

ఆ చెట్టు కేమెల్ థార్న్, మన నల్లతుమ్మకు చుట్టం. నీళ్ల కోసం వేళ్లు లోతుగా దింపి, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. రెండు మూడు వందలేళ్లు బతకగలదు. ఒక పెద్ద గూడు మోయాలంటే ఎన్నో దశాబ్దాల చెట్టు కావాలి. దాని కట్టె నిప్పు చాలాసేపు నిలుస్తుంది. దక్షిణాఫ్రికాలో బయట కూర్చుని మాంసం కాల్చుకునే సరదా ఉంది, బ్రాయ్ అంటారు, దానికి ఈ కట్టెకు ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. 1998 అటవీ చట్టం కింద ఇది రక్షిత వృక్షం, అనుమతి లేకుండా కొట్టకూడదు. చట్టం ఉన్నా కట్టెల మూటలు అమ్ముడవుతూనే ఉంటాయి. ఎండిపోయిన చెట్టు కొడితే ఏం పోయింది అంటారు కొందరు. గూళ్లు ఎండు చెట్ల మీదా ఉంటాయండీ, అదీ చిక్కు.

ఒక చెట్టు పోతే ఒక్క డేగ పోదు. వీవర్లు ఖాళీ చేసిన గదుల్లో చిలకజాతి లవ్‌బర్డ్‌లు, ఇతర చిన్న పక్షులు పడుకుంటాయి. గూటి పైకప్పు మీద పెద్ద గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. కింద నీడలో జింకజాతి జంతువులు చేరతాయి, రెట్టల ఎరువుతో ఆ నేల చుట్టుపక్కల ఇసుక కంటే సారవంతంగా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి జోహన్నెస్‌బర్గ్‌లో ఉన్నాడు. వచ్చే జులైలో వెళ్తున్నాం. ఈ పక్షిని చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి, ఏం చేయాలి? మా ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. (ఒక దంపతులు)

మోకాళ్ల గురించి దిగులు పడకండి, అక్కడ కారు దిగనివ్వరు. మీరు వెళ్లాల్సింది కగలగాడి ట్రాన్స్‌ఫ్రాంటియర్ పార్కుకు. దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా కలిపి నడిపే పార్కు, 2000లో ప్రారంభమైంది. జోహన్నెస్‌బర్గ్ నుంచి అపింగ్టన్‌కు విమానం, అక్కడి నుంచి ట్వీ రివీరెన్ గేటుకు కారులో 250 కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారిలోనే స్తంభాల మీది గూళ్లు మొదలవుతాయి, డ్రైవర్‌ను నెమ్మదిగా పోనివ్వమనండి.

పార్కులో రెండు ఎండిన నదుల వెంట రోడ్లుంటాయి, నొస్సాబ్, అవోబ్. సింహాల కోసం అందరూ నొస్సాబ్ అంటారు. మీరు అవోబ్ వైపు, మాటా మాటా క్యాంపు దారి పట్టండి. గూళ్లున్న చెట్లు రోడ్డుకు దగ్గరగా ఉంటాయి. ప్రతి గూటి దగ్గరా ఆగి, ఇంజిన్ ఆపి, బైనాక్యులర్‌తో అడుగుభాగం వరసగా చూడండి. తెల్ల వలయం కనిపిస్తే అక్కడే ఉండిపోండి. ప్రతి గూటిలోనూ డేగ ఉండదు, ఓపిక పట్టాలి.

జులై మంచి నెల. రాత్రి గడ్డకట్టే చలి కాబట్టి పొద్దున గేటు తెరిచిన తర్వాత మొదటి గంటలో అవి బయటికి వచ్చి, చెట్టు చిటారు కొమ్మన ఈకలు ఉబ్బించుకుని ఎండ కాగుతూ కూర్చుంటాయి. అదే చోట ఫిస్కల్ ష్రైక్ అనే నలుపు తెలుపు పక్షి కూడా కూర్చుని మోసం చేస్తుంది. దాని తోక పొడవు, వీపు నలుపు. డేగ తోక పొట్టి, తల పెద్దది, నిటారుగా కూర్చుంటుంది. సూర్యాస్తమయానికి క్యాంపులో ఉండాలని రూలు, ఆలస్యమైతే జరిమానా తప్పదు, కాబట్టి సాయంత్రం ఎంత బాగున్నా మూడున్నరకల్లా బండి తిప్పండి. ఉన్ని టోపీలు, చేతి తొడుగులు తప్పకుండా పెట్టుకోండి. ఆఫ్రికా అనగానే వేడి అనుకుని కాటన్ బట్టలతో దిగినవాళ్లను చాలామందిని చూశాను.